అన్నయ్య పనామా నుంచి తెచ్చిన మోలా గుడ్డ: జాకెట్టు వీపుకు కుట్టించుకోవచ్చా?

కాకినాడ అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అన్నయ్య మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు నాకొక గుడ్డ తెచ్చాడు. పనామాలో క్రిస్టోబాల్ రేవులో ఓడ ఆగినప్పుడు, బయట నేల మీద పరుచుకుని అమ్ముతున్న ఒకావిడ దగ్గర కొన్నాడట. దాన్ని మోలా అంటారని, గూనా తెగ ఆడవాళ్లు చేత్తో కుడతారని చెప్పాడు. అంతకు మించి తనకీ తెలియదు.

టేపు పెట్టి కొలిచాను. అడ్డం 16 అంగుళాలు, నిలువు 13. పైన నల్ల గుడ్డ, దాని లోపలి నుంచి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ గీతలు. మధ్యలో రెండు పక్షులు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి చుట్టూ ఎక్కడా ఖాళీ లేకుండా చిక్కుదారుల్లాంటి గీతలు. మొదట ప్రింటు అనుకున్నాను. వేలితో తడిమితే ఆ గీతలన్నీ లోతుగా తగిలాయి. నాలుగంచుల్లోనూ పాత కుట్టు ఊడదీసిన సన్నటి రంధ్రాలు ఉన్నాయి, ఒక వైపు నలుపు కొంచెం వెలిసింది. అది చూసి అమ్మ "ఎవరో వాడేసిన గుడ్డ నీ అన్నకి అంటగట్టారు" అంది.

వచ్చే నెల పిన్ని కూతురి పెళ్లి. రిసెప్షన్‌కి మెరూన్ చీర కట్టుకుంటాను. దీన్ని జాకెట్టు వీపు మీద వేయించుకోవాలని ఆశ. మా వీధి బొటిక్ ఆవిడ రెండు మార్గాలు చెప్పింది. మెడ, చంకల కొలతకు దీన్ని కత్తిరించి వీపులో కలపడం ఒకటి. రెండోది, దీన్ని ఫొటో తీసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్‌కి ఎక్కించి ఇదే డిజైన్‌తో ఇరవై జాకెట్లు చేయడం. అందులో ఒకటి నాకు ఊరికే ఇస్తానంది. ఏది మంచిది? దీన్ని ఉతకొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, టైమ్ తక్కువుందని టెన్షన్‌గా ఉంది.

విశాఖ తీరం

నా ఉద్దేశంలో అంత మంచి పనిని ఒంటి మీద వేసుకుని చెమటకు పాడు చేయొద్దు. అద్దం వేయించి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకోండి. బొమ్మలా చాలా బాగుంటుంది.

పనామాలో ఆరేళ్లు

కాకినాడ అమ్మాయికి, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పాలి. మీ అన్నయ్యకు ఎవరూ ఏదీ అంటగట్టలేదు. ఆ కుట్టు ఊడదీసిన రంధ్రాలే ఆ గుడ్డకు విలువ. అది ఒకావిడ కొన్నాళ్లు తొడుక్కున్న రవికలో ముందు భాగమో, వీపు భాగమో. తాను తొడుక్కోవడానికి కుట్టుకున్నది కాబట్టే ఖాళీ లేకుండా కుట్టింది. అచ్చంగా అమ్మకానికే కుట్టేవాటిలో చాలావరకు గీతలు లావుగా, మధ్యలో ఖాళీలు ఎక్కువగా ఉంటాయి. మోలాలు పోగుచేసేవాళ్లు ఆ రంధ్రాలు, ఆ వెలిసిన నలుపు ఉన్నవాటినే వెతుక్కుని మరీ కొంటారు.

మా వారి ఉద్యోగం వల్ల 2013 నుంచి 2019 దాకా మేము పనామా సిటీలో ఉన్నాం. అక్కడ పాత ఊరిని కాస్కో వియేహో అంటారు. సముద్రం పక్కన పాత కోటగోడ మీద ఒక నడకదారి ఉంది, పైన పందిరిలా కాగితంపూల తీగ అల్లుకుని ఉంటుంది. ఆ నీడలో గూనా ఆడవాళ్లు మోలాలు పరుచుకుని కూర్చుంటారు. అమ్మేటప్పుడు కూడా చేతిలో సూది ఆగదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఏమీ అడక్కుండా ఫోన్ తీసి ఫొటో తీయబోయాను. ఎదురుగా ఉన్నావిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. మొహానికి కాదు, ఒళ్లో ఉన్న మోలాకి. అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత ఆరేళ్లు ఆవిడ దగ్గరకే వెళ్లాను. నాకు వచ్చిన స్పానిష్ అంతంతమాత్రం, ఆవిడ ఇంట్లో మాట్లాడేది గూనాల భాష దులేగాయా. అయినా కుట్టు గురించి మాట్లాడుకోవడానికి మాకు భాష పెద్దగా అడ్డు రాలేదు.

దులేగాయాలో మోలా అంటే గుడ్డ, ఒంటి మీద వేసుకునే బట్ట. బయటివాళ్లు ఆ బొమ్మ పలకను మాత్రమే మోలా అంటున్నారు గానీ, వాళ్లకు మొత్తం రవికే మోలా. విశాఖ తీరం గారు ఏమీ అనుకోవద్దు. గోడకు పెట్టుకోవడం తప్పు కాదు, నా ఇంట్లోనూ ఒకటి గోడ మీదే ఉంది. కానీ అది బొమ్మగా పుట్టలేదు.

ఒక రవికకు రెండు పలకలు కుడతారు, ముందుకొకటి, వెనక్కొకటి. ఒకే ఊహ, ఒకే రంగులు, అక్కచెల్లెళ్ల మొహాల్లా పోలిక. కానీ అచ్చు ఒకటి కావు. ఎక్కడో ఒకచోట మారుస్తారు. నా దగ్గర ఉన్న జతలో ఒకదాంట్లో తాబేలు మెడ చాచి ఉంటుంది, రెండోదాంట్లో ముడుచుకుని ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. అందుకే అడుగుతున్నా, మీ అన్నయ్య ఆవిడ దగ్గర దీని జత చూశాడా? ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. జాకెట్టుకు వేయించుకోండి, సంతోషంగా వేయించుకోండి. ఒంటి మీద ఉండటానికి కుట్టినదే అది. కానీ దాని మీద కత్తెర పడనివ్వకండి. మెడ కోసం గుండ్రంగా ఒక్క అంగుళం కోసినా లోపలి పొరలన్నీ విడిపోతాయి, అక్కడి నుంచి మొత్తం ఊడుతుంది. అంచులు అలాగే ఉంచి, నాలుగు వైపులా చేత్తో కుట్టించండి. రేపు మళ్లీ ఊడదీసుకునేలా ఉండాలి.

మెషిన్ సంగతి మాత్రం వద్దమ్మా. దాని గురించి చాలా చెప్పాలి, రాత్రికి తీరిగ్గా రాస్తాను.

మగ్గంపని భీమవరం

అక్కా, నేను పదిహేనేళ్లుగా మగ్గం వర్క్, బ్లౌజులు చేస్తున్నాను. రెండు విషయాలు. ఒకటి, కాకినాడ చెల్లెమ్మ కొలతలు చూస్తే చీర జాకెట్టు వీపులో ఇది కత్తిరించకుండా పట్టదు. మామూలు జాకెట్టు నిడివి 14, 15 అంగుళాలు. అందులో చంక లోతే ఏడు అంగుళాల పైన పోతుంది. చంకల మధ్య వీపు వెడల్పు 14 అంగుళాలు ఉంటుంది, ఈ గుడ్డ 16. అంటే పై సగం రెండు పక్కలా చంకల్లోకి వచ్చేస్తుంది. బొటిక్ ఆవిడ కత్తిరించాలి అన్నది అందుకే, ఆవిడ తప్పు లేదు.

రెండోది, ఆ గీతలు ఎలా వస్తాయో చెప్పగలరా? మన దగ్గర అతుకు పనిలో గుడ్డ ముక్క పైన పెట్టి కుడతాం. ఇది చూస్తే కింద నుంచి పైకి వచ్చినట్టుంది. ఎన్ని పొరలు? మెషిన్ మీద ఇరవై చేయడం అయ్యే పని కాదని నాకూ అనిపిస్తోంది. దారంతో నింపితే ఆ లోతు రాదు.

పనామాలో ఆరేళ్లు

భీమవరం తమ్ముడూ, నువ్వు చెప్పిన కొలత లెక్క నాకు తట్టలేదు. గూనా రవికలో ఈ పలక ఛాతీ దగ్గర నుంచి నడుము దాకా ఉంటుంది. దాని పైన భుజాలకు, చేతులకు వేరే గుడ్డ. పల్చటి, మెరిసే పూల గుడ్డతో బుట్ట చేతులు పెడతారు. అంటే వాళ్ల రవిక మన జాకెట్టు కంటే పొడుగు. అందుకే వాళ్లకు చంక దాటాక 13 అంగుళాలు దొరుకుతాయి, మనకు దొరకవు.

పని ఎలా చేస్తారో నేను చూసింది చెబుతాను. మన అతుకు పనికి ఇది తిరగేసిన పని. రెండు, మూడు, కొన్నిసార్లు నాలుగు రంగుల నూలు గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా పొడుగు కచ్చాకుట్టు వేస్తారు. పై గుడ్డ మీద ఆకారాన్ని పెన్సిల్‌తో గీసుకుంటారు. చెయ్యి తిరిగినవాళ్లు గీసుకోకుండానే మొదలుపెడతారు. తర్వాత చిన్న కత్తెరతో పై పొరను మాత్రమే చీలుస్తారు. ఇక్కడే అసలు సంగతి. ఒకేసారి అంతా కత్తిరించరు. రెండు మూడు సెంటీమీటర్లు చీల్చి, ఆ అంచును సూది మొనతో లోపలికి మడిచి, హెమ్మింగ్ వేసి, మళ్లీ ఇంకో రెండు సెంటీమీటర్లు చీలుస్తారు. మడిచిన సందులోంచి కింది రంగు కనిపిస్తుంది. దారం పై పొర రంగుదే వాడతారు కాబట్టి కుట్టు కంటికి దొరకదు. పసుపు, ఆకుపచ్చ లాంటివి కొంచెం కొంచెం కనిపించేచోట మొత్తం పొర వేయరు, ఆ సందు కిందికి చిన్న ముక్క జొనుపుతారు. పక్షి కన్ను, ఈకల మీది గీతలు లాంటివి చివర్లో దారంతో కుడతారు.

ఇప్పుడు నువ్వు చెప్పు, మడత కోసం ఎంత గుడ్డ వదులుతావు? మనం తక్కువలో తక్కువ పావు అంగుళం వదులుతాం. వాళ్ల గీత మొత్తం వెడల్పే అంత ఉండదు. రెండు మూడు పోగుల మడతతో ఆ గుండ్రాలు తిప్పుతారు. మంచి మోలాను గుర్తుపట్టడం కూడా అక్కడే. మలుపుల్లో కోణాలు పడకుండా నీళ్లు తిరిగినట్టు తిరగాలి, గీతల వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. బొమ్మకూ అంచుకూ మధ్య మిగిలిన చోటును చిన్న చిన్న నిలువు చీలికలతో నింపుతారు, దాన్ని తాస్-తాస్ అంటారు. ఖాళీ వదిలితే పని సగంలో ఆపేసినట్టే వాళ్ల దృష్టిలో.

నేను ఆవిడ పక్కన కూర్చుని ఒక ఆకు నేర్చుకున్నాను. అరచేతిలో సగం ఉంటుంది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆవిడ తన రోజువారీ పనుల మధ్య ఒక పలక పూర్తి చేయడానికి రెండు నెలలు పట్టింది. అది జతలో ఒకటి మాత్రమే.

దేవరకొండ తండా

ఇది చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మేము లంబాడీలం. ఆమె కాంచళి (రవిక), ఫేటియా (లంగా), టుక్రి (తల మీది ఓణీ) మూడూ తానే కుట్టుకుంది, అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో. ఆమె పోయాక ఇంటికి ఒక వ్యాపారి వచ్చి పాత బట్టలన్నీ కిలో లెక్కన కొనుక్కుపోయాడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, ఎవరికీ వద్దని చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో హ్యాండ్‌బ్యాగు మీద కాంచళి ముక్క చూశాను. మా నాయనమ్మది కాదు, కానీ అదే పని. సగం అద్దాల వరుస కత్తెరకు తెగిపోయి ఉంది. కాకినాడ అక్కా, మీరు ఆ గుడ్డను కత్తిరించకండి. దయచేసి.

పనామా అమ్మగారిని ఒకటి అడగాలి. వాళ్ల ఆడవాళ్లు ఇప్పటికీ రోజూ ఆ బట్టలే కట్టుకుంటారా? మా తండాలో ఇప్పుడు అరవై దాటినవాళ్లు తప్ప ఎవరూ కట్టుకోవడం లేదు.

కాకినాడ అమ్మాయి

అందరికీ థ్యాంక్స్. కత్తిరించను, అది తేలిపోయింది. కానీ పనామా ఆంటీ గారూ, ఒకటి నిజంగా అర్థం కాక అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఒక ఫొటో తీసి కాకినాడలో ఇరవై జాకెట్లు కుడితే వాళ్లకు పోయేదేముంది? వాళ్లకు తెలియను కూడా తెలియదు కదా. బొటిక్ ఆవిడకు ఏమని చెప్పను?

పనామాలో ఆరేళ్లు

మంచి ప్రశ్నే అమ్మా. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. దేవరకొండ బాబు అడిగినదానికి, దీనికి జవాబు ఒకచోటే ఉంది కాబట్టి కలిపి చెబుతాను.

గూనాలు ఉండేది పనామా కరీబియన్ తీరంలో, సన్నటి నేల పట్టీ, దాని ముందు 360కి పైగా పగడపు దీవులు. కొన్ని ఊళ్లు కొలంబియా వైపు కూడా ఉన్నాయి. పనామా వైపున్న ఆ ప్రాంతాన్ని గూనా యాలా అంటారు. పాత మ్యాపుల్లో శాన్ బ్లాస్ అని ఉంటుంది, కొన్నేళ్ల క్రితం దాకా కూనా యాలా అని రాసేవారు. 2011 నుంచి ప్రభుత్వ రాతల్లోనూ గూనా యాలాయే.

2016లో మేము వెళ్లాం. సిటీ నుంచి తెల్లవారుజామున జీపులో బయలుదేరి, కొండదారిలో మూడు గంటలు తిప్పుకుంటూ పోయి, కార్తీ దగ్గర పడవ ఎక్కాం. గార్దీ సుగ్దుబ్ అనే దీవిలో దిగాం. దీవి అంటే కొబ్బరి చెట్లు, తెల్ల ఇసుక అనుకున్నాను. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మనిషి నడిచే సందు తప్ప ఖాళీ లేదు, వెదురు గోడల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. సముద్రం పెరిగి ఇళ్లలోకి నీళ్లు రావడంతో 2024 జూన్‌లో ఆ ఊరివాళ్లలో దాదాపు 300 కుటుంబాలు ఇస్బెర్యాలా అనే కొత్త ఊరికి, తీరం మీదికి మారాయి. ఆ వార్త చూసినప్పుడు నాకు గుమ్మాల్లో కూర్చుని కుట్టుకుంటున్న ఆడవాళ్లే కళ్ల ముందు మెదిలారు.

వాళ్ల పూర్తి వేషం చెబుతాను. పైన మోలా రవిక. కింద సబురేట్, ముదురు నీలం మీద పసుపో ఆకుపచ్చో పెద్ద బొమ్మలున్న గుడ్డ. మన లుంగీలా ఒక చుట్టు చుట్టి నడుము దగ్గర దోపుకోవడమే, మోకాళ్ల దాకా ఉంటుంది. తల మీద ముస్వే, ఎరుపు పసుపు కలిసిన రుమాలు. ముక్కు మధ్యలో బంగారపు పోగు, దాన్ని ఓలాసు అంటారు, పసిపాపగా ఉన్నప్పుడే పెడతారు. కొందరు ముక్కు మీద నిలువుగా నల్ల గీత గీసుకుంటారు, అది జాగువా అనే కాయ రసంతో గీసింది. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు పండుగ చేసి జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. పెద్దావిడల జుట్టు కూడా మెడ దాటదు.

అన్నిటికంటే నేను ఆగిపోయి చూసింది విని. చేతులకు మణికట్టు నుంచి, కాళ్లకు చీలమండ నుంచి పైదాకా చుట్టిన పూసలు. దూరం నుంచి చూస్తే నేసిన పట్టీలా ఉంటుంది. కానీ అది ఒకటే పొడుగు దారం! దారానికి పూసలు ఎక్కించేటప్పుడు అందులో బొమ్మ ఏమీ కనిపించదు, ఎరుపు, పసుపు, నారింజ ఏదో కలగాపులగంగా ఉంటుంది. కాలికి చుట్టడం మొదలుపెట్టాక ఒక్కో వరుస పక్క వరుసతో కలిసి లెక్క ప్రకారం బొమ్మ తేలుతుంది. పిక్క లావయ్యేకొద్దీ వరుసకు పూసలు పెరగాలి కదా, ఆ లెక్క అంతా ఆ ఆడవాళ్ల బుర్రలోనే. చుట్టింది నెలల తరబడి తీయరు, స్నానం, నిద్ర అన్నీ దానితోనే.

దేవరకొండ బాబూ, రోజూ కడతారా అంటే, అందరూ కట్టరు. చదువుకున్న అమ్మాయిలు, సిటీలో ఉద్యోగం చేసేవాళ్లు చాలామంది జీన్స్, టీషర్టులే. కానీ నేను ఉన్న రోజుల్లో పనామా సిటీ బస్సుల్లో, ఆసుపత్రి క్యూల్లో, సూపర్ మార్కెట్‌లో పూర్తి వేషంతో ఉన్న గూనా ఆడవాళ్లు రోజూ కనిపించేవారు, నా వయసువాళ్లు, నాకంటే చిన్నవాళ్లు కూడా. అది ఊరికే నిలబడలేదు.

1910ల నుంచి పనామా ప్రభుత్వం వాళ్లను "నాగరికుల్ని" చేస్తామని దీవుల మీద పోలీసుల్ని పెట్టింది. ముక్కుపోగు తీసేయాలి, విని తెంచేయాలి, మోలా మానేసి గౌన్లు వేసుకోవాలి. వినకపోతే జరిమానా, జైలు. కాళ్ల మీది పూసల దారాన్ని బలవంతంగా కోసేశారు. నాకు నేర్పిన ఆవిడ ఈ మాట తన అమ్మమ్మ దగ్గర విన్నానని చెప్పేటప్పుడు తన పిక్క మీద చెయ్యి వేసుకుని చెప్పింది. 1925 ఫిబ్రవరిలో గూనాలు తిరగబడ్డారు. నెలె కాంతులే, సిమ్రాల్ కోల్‌మన్ అనే ఇద్దరు నాయకులు ముందు నిలబడ్డారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. మార్చి మొదట్లో క్లీవ్‌లాండ్ అనే అమెరికా యుద్ధనౌక మీద ఒప్పందం జరిగింది. గూనాలు తమ పద్ధతుల్లో తాము బతకొచ్చని ప్రభుత్వం మాట ఇచ్చింది. 1938లో వాళ్ల ప్రాంతానికి వేరే హోదా వచ్చింది. ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 25న దీవుల్లో ఆ తిరుగుబాటును మళ్లీ ఆడి చూపిస్తారు, పిల్లలతో సహా.

అంటే మీ చేతిలో ఉన్న ఆ గుడ్డ, ఒకప్పుడు వేసుకోవద్దని తీయించిన బట్ట. దాన్ని వేసుకునే హక్కు కోసం వాళ్లు కొట్లాడారు. ఇప్పుడు అదే బట్ట గీతల్ని ఇంకొకళ్లు ఫొటో తీసి అచ్చువేసి అమ్ముకుంటుంటే వాళ్లకు ఎలా ఉంటుంది?

వాళ్లు ఊరుకోలేదు కూడా. 2000 సంవత్సరంలో పనామా 20వ నంబరు చట్టం చేసింది. ఆదివాసీల కళ మీద హక్కు ఏ ఒక్కరిదో కాదు, మొత్తం జాతిదీ అని. దాని కింద మోలాను గూనాల ఉమ్మడి హక్కుగా నమోదు చేశారు. 2019లో నైకీ కంపెనీ ప్యూర్టోరికో పేరుతో ఒక బూటు విడుదల చేయబోయింది. దాని మీదున్నవి మోలా గీతలు. ప్యూర్టోరికోకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. గూనా ప్రతినిధులు అడ్డుకున్నారు. కంపెనీ క్షమాపణ చెప్పి విడుదల ఆపేసింది. అప్పుడు మేము ఇంకా అక్కడే ఉన్నాం. ఆ వారం కాగితంపూల పందిరి కిందికి వెళితే ఆవిడ నాకు ఆ బూటు బొమ్మను ఫోన్‌లో చూపించి, వేలితో గీతల్ని లెక్కపెట్టింది. మొదటి రోజు నా ఫోన్‌కు చెయ్యి ఎందుకు అడ్డం పెట్టిందో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది.

ఆ చట్టం కాకినాడలో చెల్లదు, నిజమే. ఇరవై జాకెట్లకు ఎవరూ కోర్టుకు రారు. కానీ మీ బొటిక్ ఆవిడకు ఇలా చెప్పి చూడండి. ఆవిడ మగ్గం మీద సొంతంగా గీసిన డిజైన్‌ను పక్క షాపువాళ్లు ఫొటో తీసి ఇరవై చేస్తే ఆవిడ ఊరుకుంటుందా? భీమవరం తమ్ముడిని అడిగినా చెబుతాడు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఈ గీతలు గుడ్డ మీదికి రాకముందు ఒంటి మీద ఉండేవి అంటారు. 1681లో లయొనెల్ వేఫర్ అనే ఓడ వైద్యుడు కాలికి గాయమై ఆ ప్రాంతంలో వాళ్ల పూర్వీకుల మధ్య కొన్ని నెలలు ఉండిపోయాడు. ఆడవాళ్లు రంగులతో ఒంటి మీద పక్షులు, జంతువులు, చెట్లు గీస్తారని అతను రాశాడు. తర్వాత వ్యాపారంతో నూలు గుడ్డ, సూది, కత్తెర చేతికొచ్చాయి. చర్మం మీది రంగు గుడ్డ మీదికి ఎక్కింది. గూనాల కథల్లో అయితే నాగెగిర్యాయి అనే జ్ఞానవంతురాలు మామూలు మనుషులు వెళ్లలేని గాలు దుగ్బిస్ అనే చోటికి వెళ్లి, అక్కడి డిజైన్లు చూసి వచ్చి మిగతా ఆడవాళ్లకు నేర్పింది.

ఆడవాళ్లే కాదు, ఒమెగ్గిద్ అని పిలుచుకునేవాళ్లు కూడా కుడతారు. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ల పనుల్లో, జీవితంలో పెరిగినవాళ్లు. వాళ్లను ఎవరూ వేలెత్తి చూపరు. నేను కొన్న అన్నిట్లో సన్నటి గీత అలాంటి ఒకరి చేతిదే.

ఉతకడం సంగతి మర్చిపోయాను. ముందు ఒక మూల తడి దూది అద్ది చూడండి. ఎరుపు అంటితే అసలు నీళ్లు తగలనివ్వకండి. అంటకపోతే చల్లటి నీళ్లలో, పిండకుండా, నీడలో పరిచి ఆరబెట్టండి. ఇస్త్రీ వెనక నుంచే.

మగ్గంపని భీమవరం

అక్కా, నా డిజైన్లు అలా పోయాయి, ఆ బాధ తెలుసు. ఎక్కువ చెప్పను.

చెల్లెమ్మా, నీ సమస్యకు దారి ఇదిగో. చీర జాకెట్టు వద్దు. చీర మీద వేసుకునే చేతుల్లేని పొడుగు కోటు కుట్టించుకో, నిడివి 22 అంగుళాలు. చంక లోతు 8 పోతే కింద 14 మిగులుతుంది. వీపు వెడల్పు ఛాతీ కొలత దగ్గర 19 దాకా ఉంటుంది కాబట్టి 16 అంగుళాల గుడ్డ మొత్తం కూర్చుంటుంది, రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున మిగులుతుంది. గుడ్డ నల్లటి మందపాటి నూలు తీసుకో, మెరిసేది వద్దు. ముందు కోటు వీపు పూర్తి చేసి, లోపల మల్లు గుడ్డ అస్తరు వేసి, ఆ తర్వాత మోలా పరిచి కచ్చాకుట్టు, ఆపైన నల్ల దారంతో చేత్తో హెమ్మింగ్. అక్క చెప్పిన పాత రంధ్రాల్లోంచే సూది వెళ్లనివ్వు, కొత్త రంధ్రాలు పడవు. టైమ్ లేకపోతే నాకు కొరియర్ చెయ్, రెండు రోజుల్లో కుట్టి పంపుతా. కూలీ వద్దు, నాకు దాన్ని వెనక్కి తిప్పి చూడాలని ఉంది.

కాకినాడ అమ్మాయి

భీమవరం అన్నా, పంపించాను, రేపటికి అందుతుంది. బొటిక్ ఆవిడతో మాట్లాడాను. మొదట కొంచెం మొహం మాడ్చుకుంది. తర్వాత పనామా ఆంటీ రాసిందంతా ఫోన్‌లో చూపిస్తే చివరిదాకా చదివి, "ఆకు కుట్టడానికే నాలుగు రోజులా" అంది. ఇరవై జాకెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

అమ్మ నిన్న రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని ఆ గుడ్డను లైటు కింద చాలాసేపు చూసింది. ఎడమవైపు పక్షి తోకలో ఒకచోట పసుపు ముక్క అయిపోయినట్టుంది, అక్కడి నుంచి వేరే పసుపు వాడిందని అమ్మే కనిపెట్టింది.

అన్నయ్యకు ఫోన్ చేశాను. జత ఉందట. ఆవిడ రెండూ కలిపి తీసుకోమనే చెప్పిందట, ఇతనే ఒకటి చాలన్నాడు. రెండోది వాళ్ల చీఫ్ ఆఫీసర్ కొన్నాడు, ఆయన భార్య కొచ్చిలో ఉంటారు. అన్నయ్య ఆయనకు మెసేజ్ పెట్టాడు. ఇవాళ పొద్దున ఆవిడ ఫొటో పంపారు. అవే రెండు పక్షులు, అవే గీతలు. నా దాంట్లో ముక్కులు మూసి ఉన్నాయి. ఆవిడ దాంట్లో ఒక పక్షి నోరు తెరిచి ఉంది.